వేతనము కొలబద్ద కారాదు

2022 ఫిబ్రవరి మొదలు రష్యా దండయాత్రను ఎదిరించుచున్న ఉక్రెయినులో, యుద్ధరంగము అడుగువానినే కర్మాగారమును అడుగుచుండుటచే, ఎవరిని పంపవలెను, ఎవరిని నిలుపవలెనను ప్రశ్న ప్రభుత్వమును నిదురపోనీయకున్నది. ఆవశ్యకములని గుర్తింపబడిన సంస్థలలో, సైన్యమునకు అర్హులైనవారిలో సాధారణముగా సగముమందివరకు మినహాయింపు నిచ్చు పద్ధతియందు మాకు ఆక్షేపణ లేదు. ఆక్షేపణీయమైనది 2024 డిసెంబరునుండి దానికి తగిలించిన వేతననిబంధన. కనీసవేతనమునకు రెండున్నర రెట్లు, అనగా నాటి లెక్కను నెలకు 20,000 హ్రివ్నియాలు, గడింపని ప్రైవేటు ఉద్యోగి సాధారణముగా ఈ మినహాయింపునకు నోచుకొనడు. మనిషి చేయు పనిని విడిచి వానికి ముట్టు జీతమును తూచు ఈ నిబంధన అన్యాయమనియు, అంతకుమించి అవివేకమనియు మా నిశ్చితాభిప్రాయము.

పనిని లెక్కింపని దేశమునకు ఏ గతి పట్టునో బ్రిటన్ చవిచూచినది. 1914లో దేశాభిమానోద్రేకమున సైన్యమున చేరినవారిలో లేతుయంత్రమువద్ద నిలువవలసిన నిపుణులును, గనిలో దిగవలసిన శ్రామికులును భేదము లేక కలిసిపోయిరి. ఏడాది తిరుగునప్పటికి రెండు లక్షలకు పైబడిన గనికార్మికులు పలుగు వదలి తుపాకి పట్టిరి. 1915 మే నెలలో ఫిరంగులకు గుండ్లు చాలుటలేదని పత్రికలలో గగ్గోలు పుట్టి మంత్రివర్గమే మారిపోయెను; లాయిడ్ జార్జి చేతిక్రింద క్రొత్తగా వెలసిన ఆయుధసామగ్రి శాఖ, పంపినవారినే వెదకి వెదకి పటాలములనుండి వెనుకకు రప్పించుకొనవలసివచ్చెను.

ఆ దెబ్బను మరువక, 1938లోనే ఆవశ్యకవృత్తుల పట్టికను సిద్ధపరచిరి. రైల్వే, రేవు, గని, వ్యవసాయము, వైద్యము మొదలైన పనులలోని దాదాపు 50 లక్షల మంది అందులోనికి వచ్చిరి. ఏ పనివానిని ఏ వయస్సునుండి నిలుపవలెనో వేర్వేరుగా నిర్ణయించిరేగాని, ఎవనికెంత జీతమని అడుగలేదు. అయినను గనులవిషయమున లెక్క తప్పెను. సైన్యమునకును, మెరుగైన కూలి దొరకు కార్ఖానాలకును వేలమంది తరలిపోగా, 1943 డిసెంబరున కార్మికమంత్రి ఎర్నెస్టు బెవిన్, సైన్యమునకు పిలువబడిన పడుచువారిలో పదింట ఒకనిని, నమోదుసంఖ్య చివరి అంకెనుబట్టి ఏరి గనులలోనికి దింపనారంభించెను. చీటిలో వచ్చినవారును, తామై కోరినవారును కలిసి దాదాపు 48,000 మంది 'బెవిన్ బాలురు' అయిరి. వారికి యూనిఫారము లేదు, పతకము లేదు. వీథిలో కనబడినచో పారిపోయి వచ్చిన సిపాయియేమోయని పోలీసులు నిలదీయుచుండిరి. ప్రభుత్వము వారికొక బ్యాడ్జీ నిచ్చుటకు 2008 రావలసివచ్చెను. అప్పటికి ఎందరు మిగిలిరో చెప్పనేల! జీతమే కొలబద్దయై యుండినచో, కూలి చాలక గనిని విడిచినవాని పనిని బ్రిటన్ ఎన్నటికిని గుర్తించియుండెడిది కాదు.

అధికవేతనము అధికమైన పన్ను తెచ్చుననియు, దొంగలెక్కల జీతములు బయటపడుననియు ఈ నిబంధన సమర్థకులందురు. అందు కొంత సత్యము లేకపోలేదు. కాని పన్ను ఎగవేతకు మందు పన్నుశాఖలో వెదకవలెను, భర్తీకార్యాలయములో కాదు. పల్లెలో రొట్టెలు కాల్చువాడును, కోతయంత్రము నడుపువాడును రాజధానిలోని సాఫ్ట్‌వేరు నిపుణునివలె ఆర్జింపలేరు. అంతమాత్రమున వారి పని లేకయే దేశము గడచునా?

కందకములోని సిపాయి పక్షము వహించువారు మినహాయింపులనే ఎత్తివేయుమందురు. వారి ఆవేదన నిజము. భర్తీవయస్సు 27నుండి 25కు దిగిన ఆ 2024 ఏప్రిలులోనే, 36 నెలలు సేవించినవానికి విడుదల కల్పించు నియమమును సైన్యభర్తీ బిల్లునుండి తొలగించిరి. ఆ అన్యాయమునకు పరిష్కారము సిపాయి సేవకు గడువు విధించుటయేగాని, ఇంజను నడుపువానిని దింపివేయుట కాదు. వేతననిబంధన రద్దు కావలెను. మినహాయింపు పొందు పనుల పట్టికను ప్రజలయెదుట ప్రకటించి, ఆరునెలల కొకమారు సైన్యమును, కార్మికసంఘములును కలిసి సవరింపవలెను. యజమానుల సిఫారసులకు అందు చోటుండరాదు.