బస్సులోని సాఫ్ట్‌వేర్ ఎవరి చేతిలో?

వాహనం ఎలా పనిచేయాలో ఇంజిన్, గేర్లకన్నా అందులోని సాఫ్ట్‌వేరే ఎక్కువగా నిర్ణయిస్తే దాన్ని సాఫ్ట్‌వేర్ డిఫైన్డ్ వెహికల్ అంటున్నారు. కొన్న తర్వాత కూడా ఫోన్‌కు వచ్చినట్టే దానికి అప్‌డేట్లు వస్తాయి, కొత్త సౌకర్యాలు చేరతాయి. ఆర్టీసీ కరీంనగర్-2 డిపో నుంచి 2024 సెప్టెంబరులో రోడ్డెక్కిన ఎలక్ట్రిక్ సూపర్ లగ్జరీ బస్సులను పూర్తిగా ఆ కోవలో చేర్చలేకపోయినా, అవి సాగుతున్నది ఆ దారిలోనే. కరీంనగర్ నుంచి సికింద్రాబాద్‌లోని జేబీఎస్ బస్టాండు దాకా దాదాపు 160 కిలోమీటర్ల పొడవునా బ్యాటరీ ఎంత వేడెక్కింది, మోటారుకు ఎంత కరెంటు ఇవ్వాలి, బ్రేకు వేసినప్పుడు ఎంత శక్తిని తిరిగి బ్యాటరీకి మళ్లించాలి అన్నవన్నీ తేల్చేది సాఫ్ట్‌వేరే. డ్రైవర్ పెడల్ తొక్కితే అది ముందు ఒక అంకెగా మారి కంప్యూటర్‌కు చేరుతుంది. మోటారుకు ఆదేశం అక్కడి నుంచి వెళ్తుంది.

వాహనంలోని చిన్న చిన్న కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేది ప్రధానంగా క్యాన్ అనే రెండు తీగల మీద. బాష్ సంస్థ 1986లో లోకానికి చూపించిన పద్ధతి ఇది. మామూలు క్యాన్‌లో ఒక్కో సందేశానికి 8 బైట్లకు మించి చోటు ఉండదు. లారీలు, బస్సుల్లో దీని మీద జే1939 అనే ప్రమాణం విస్తృతంగా వాడుకలో ఉంది. డీజిల్ ఇంజిన్‌లో కూలెంట్ వేడి ఎంతో చెప్పే సందేశం సంఖ్య 65262. అందులో మొదటి బైట్ విలువ 125 అని వస్తే, 40 తీసేసి 85 డిగ్రీల సెల్సియస్ అని చదువుకోవాలి. ఆ లెక్క తెలియని వారికి 125 వట్టి అంకె. కూలెంట్ లెక్క ఆ ప్రమాణం పుస్తకంలో దొరుకుతుంది కాబట్టి ఫర్వాలేదు. తయారీదారులు తమ సొంత సందేశాలకు వాడుకోవడానికి అదే ప్రమాణం కొన్ని సంఖ్యలను వదిలిపెట్టింది. వాటి అర్థం కంపెనీకే తెలుసు. పానాతో, చెవితో ఇంజిన్ జబ్బు పట్టేసిన షెడ్డు మెకానిక్ ఇక్కడికొచ్చేసరికి ఆగిపోతాడు. కంపెనీ ల్యాప్‌టాప్ వస్తే తప్ప పని ముందుకు కదలదు.

ఇంత గుట్టుగా ఉండే పరిశ్రమ తన కోడ్‌ను అందరికీ తెరిచి పెట్టడం, అంటే ఓపెన్ సోర్స్ చేయడం మొదలుపెట్టిందంటే అందుకు కారణం ఖర్చే. కొనేవారి కంటికి ఆనని అడుగు పొర సాఫ్ట్‌వేర్‌ను, అంటే ఆపరేటింగ్ సిస్టమ్, సందేశాల రవాణా, అప్‌డేట్ల యంత్రాంగం వంటివాటిని, ప్రతి కంపెనీ విడివిడిగా రాసుకుంటూ వచ్చింది. దానివల్ల ఎవరి బండీ గొప్పది కాలేదు, అందరి ఖర్చూ పెరిగింది. ఫోక్స్‌వ్యాగన్ తన క్యాన్ కోడ్‌ను లినక్స్ అనే ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఇవ్వగా అది 2008లో సాకెట్‌క్యాన్ పేరుతో దాని కేంద్ర భాగమైన కెర్నెల్‌లో చేరింది. 2012లో వాహనాల కోసం ఆటోమోటివ్ గ్రేడ్ లినక్స్ అనే ఉమ్మడి ప్రాజెక్టు మొదలైంది. టయోటా 2018 మోడల్ క్యామ్రీలో డ్యాష్‌బోర్డు తెర దాని మీదే నడిచింది. 2022లో ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులను నిర్వహించే ఎక్లిప్స్ ఫౌండేషన్ సాఫ్ట్‌వేర్ వాహనాల కోసమే ఒక కార్యబృందాన్ని ఏర్పాటు చేసింది. 2025 జూన్‌లో జర్మనీ వాహన పరిశ్రమ సంఘం చొరవతో 11 కంపెనీలు ఈ అడుగు పొరను ఉమ్మడిగా, బహిరంగంగా రాసుకుందామని ఒప్పందం చేసుకున్నాయి. మార్కెట్‌లో ఢీ అంటే ఢీ అనే బీఎండబ్ల్యూ, మెర్సిడెస్, ఫోక్స్‌వ్యాగన్ మూడూ అందులో ఉన్నాయి.

ఈ మొత్తంలో సామాన్యుడికి అన్నిటికన్నా పనికొచ్చేది వీఎస్ఎస్ అనే పదకోశం. కొవెసా అనే పరిశ్రమ సంఘం దీన్ని బహిరంగంగా తయారుచేసి నిర్వహిస్తోంది. వాహనంలోని సాధారణ కొలతలకు అందులో ఒక్కో పేరు, ఒక్కో కొలమానం ఉంటాయి. బ్యాటరీలో ప్రస్తుతం ఎంత ఛార్జ్ ఉందో తెలుసుకోవాలంటే 'వెహికల్.పవర్‌ట్రెయిన్.ట్రాక్షన్‌బ్యాటరీ.స్టేట్‌ఆఫ్‌ఛార్జ్.కరెంట్' అని అడగాలి, జవాబు శాతంలో వస్తుంది. వీఎస్ఎస్‌ను పాటించే బండి ఏ కంపెనీదైనా అడిగే తీరు ఇదే. లోపల ఏ బైట్‌ను ఎలా చదవాలన్న తంటా కుక్సా వంటి ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్ చూసుకుంటుంది. అప్పుడు ఒక డిపోలో రెండు మూడు కంపెనీల బస్సులున్నా అన్నిటి ఆరోగ్యాన్నీ ఒకే తెర మీద చూడొచ్చు. ఏ బ్యాటరీ ఎండాకాలంలో త్వరగా నీరసిస్తోందో పోల్చుకోవచ్చు. మే నెలలో రామగుండం, ఆదిలాబాద్ ఎండ తెలిసినవారికి ఈ పోలిక విలువ విడమరిచి చెప్పక్కర్లేదు.

బ్రేకుల కోడ్ లోకానికంతా కనిపిస్తే ప్రమాదం కదా అన్న భయం సహజమే. చదవడానికి ఇచ్చినంత మాత్రాన మార్చడానికి ఇచ్చినట్టు కాదు. కంపెనీ డిజిటల్ సంతకం లేని ప్రోగ్రామ్‌ను బండి స్వీకరించకుండా కట్టుదిట్టం చేయవచ్చు. వాహనాల ఎలక్ట్రానిక్ భద్రతకు ఐఎస్ఓ 26262 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. కోడ్ తెరిచి ఉన్నా మూసి ఉన్నా దాని పరీక్షలు తప్పవు. మైక్రోసాఫ్ట్ 2023లో ఎక్లిప్స్‌కు అప్పగించిన థ్రెడ్ఎక్స్ అనే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ ఆ పరీక్షలు దాటినదే. లినక్స్ వంటి భారీ వ్యవస్థను ఆ స్థాయికి తేవడం మాత్రం కష్టంగా ఉంది. దానికోసం 2019 నుంచి ఎలీసా అనే ప్రాజెక్టు పనిచేస్తోంది. బ్రేకులు, స్టీరింగ్ విషయంలో ఈ జాగ్రత్త ఎంత ఉన్నా ఎక్కువ కాదు.

అసలు చిక్కు వేరే చోట ఉంది. ఇప్పటిదాకా జరిగిన ఓపెన్ సోర్స్ పని వల్ల లాభపడినది బండి తయారుచేసేవారు. బండి కొన్నవారికి, ఎక్కేవారికి, బాగుచేసేవారికి ఆ స్వేచ్ఛ అందలేదు. ఎక్లిప్స్ వాహన ప్రాజెక్టుల్లో ఎక్కువగా వాడే అపాచీ లైసెన్సు ప్రకారం ఎవరైనా ఆ కోడ్ తీసుకుని, తమ మార్పులను దాచుకుని అమ్ముకోవచ్చు. మార్చిన ప్రోగ్రామ్‌ను కొన్నవారు తమ పరికరంలో వేసుకునే వీలుండాలని పట్టుబట్టే లైసెన్సు జీపీఎల్ మూడో కూర్పు. కార్ల కంపెనీలు దాని జోలికి పోవడానికి వెనకాడతాయి. కాబట్టి ఫలానా బస్సులో లినక్స్ ఉందని విని సంతోషించడానికి లేదు. తాళం కంపెనీ దగ్గరే ఉంటుంది.

ఆర్టీసీ విషయంలో ఇది మరీ ముఖ్యం. ఎలక్ట్రిక్ బస్సులు ఎక్కువగా గ్రాస్ కాస్ట్ కాంట్రాక్టు మీద నడుస్తున్నాయి. బస్సు, డ్రైవర్, మరమ్మతు ప్రైవేటు సంస్థవి. కిలోమీటరుకు ఇంత అని ఆర్టీసీ చెల్లిస్తుంది, టికెట్ డబ్బు ఆర్టీసీకి వస్తుంది. ఈ పద్ధతిలో బండి గురించిన తెలివిడి అంతా కాంట్రాక్టు సంస్థ దగ్గర పోగుపడుతుంది. ఏళ్ల తరబడి డీజిల్ బస్సులను విప్పి బిగించి డిపోలు సంపాదించుకున్న నైపుణ్యం లాంటిది కొత్త తరం బస్సుల విషయంలో పుట్టదు. కాంట్రాక్టు ముగిసిన నాడు ఏ బ్యాటరీ ఎన్ని రోజులు పనికొస్తుందో చెప్పే లెక్కలు ఆర్టీసీ చేతిలో లేకపోతే తర్వాతి బేరంలో అది కళ్లకు గంతలు కట్టుకుని కూర్చోవాల్సిందే. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో తెచ్చిన రైట్ టు రిపేర్ పోర్టల్‌లో వాహన రంగానికీ చోటిచ్చారు. పోర్టల్ మంచిదే కానీ, డిపోకు అక్కరకొచ్చేది టెండరులో రాసుకున్న షరతే.

మనుషుల సంగతి కూడా చూడాలి. జడ్ఎఫ్, హ్యుందాయ్ వంటి సంస్థల ఇంజినీరింగ్ కేంద్రాలు హైదరాబాద్‌లో ఉన్నాయి. నాచుపల్లి జేఎన్‌టీయూలోనో, బాసర ఆర్‌జీయూకేటీలోనో చదివిన వారు ఆ గుమ్మం దాకా వెళ్లడానికి అమీర్‌పేట కోచింగ్ కోర్సులే దారి అనుకుంటారు. ఓపెన్ సోర్స్ ఇంకో దారి చూపిస్తుంది. సాకెట్‌క్యాన్ ఉన్న లినక్స్ ల్యాప్‌టాప్‌లో వీక్యాన్ అనే ఉత్తుత్తి క్యాన్ తీగను సృష్టించుకోవచ్చు. ఒక కిటికీలో క్యాన్‌సెండ్‌తో సందేశం పంపి, ఇంకో కిటికీలో క్యాన్‌డంప్‌తో దాన్ని పట్టుకోవచ్చు. బండి అక్కర్లేదు, రూపాయి ఖర్చు లేదు. అక్కణ్ణుంచి కుక్సా కోడ్ చదవడం, చిన్న లోపం ఒకటి సరిదిద్ది పంపడం సాధ్యమే. ఆ పని పేరుతో సహా అందరికీ కనిపించే చోట నిలిచి ఉంటుంది. ఇంగ్లిష్‌లో రాసి అడగడానికి జంకే పిల్లలకు మొదటి మెట్టు ఎత్తుగానే ఉంటుందన్నది నిజం. ఆ మెట్టు ఎక్కించాల్సింది అధ్యాపకులు.

కెమెరాతో రోడ్డును గుర్తించే ప్రోగ్రామ్‌లకు కోడ్‌తో పాటు డేటా కూడా కావాలి. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ ఇంటెల్‌తో కలిసి 2018లో భారతీయ రోడ్ల చిత్రాల సంపుటిని పరిశోధకులకు ఇచ్చింది. 182 ప్రయాణాల్లో తీసిన 10,000 చిత్రాలవి, ఆటోలకు, పశువులకు అందులో వేర్వేరు గుర్తులున్నాయి. తీసినవి హైదరాబాద్, బెంగళూరు నగరాల్లో, వాటి చుట్టుపక్కల. పత్తి బోరాలు రోడ్డు సగం ఆక్రమించేలా నింపుకుని ఆదిలాబాద్ మార్కెట్ యార్డుకు వచ్చే ట్రాక్టర్లు, చీకట్లో వెనక లైటు లేని ఎడ్లబండ్లు ఏ యంత్రం కంటికైనా కష్టమైన పరీక్షే. వాటి చిత్రాలు తీసి, గుర్తులు పెట్టి అందరికీ ఇచ్చే పని ఇక్కడి కాలేజీలు చేయదగినది.

ఆర్టీసీ ముందున్న పని ఇంకా చిన్నది. రాబోయే ఎలక్ట్రిక్ బస్సుల టెండర్లలో మూడు షరతులు చేర్చాలి: వాహన సమాచారం వీఎస్ఎస్ వంటి బహిరంగ ప్రమాణంలో డిపోకు అందాలి, లోపాల సంకేతాల అర్థాలు ఇవ్వాలి, కాంట్రాక్టు ముగిశాక బ్యాటరీ చరిత్ర ఆర్టీసీకి మిగలాలి. బస్సులు వచ్చాక అడిగితే ఎవరూ ఇవ్వరు. టెండరు కాగితం మీద సంతకం పడకముందే అడగాలి.