పాత కోడ్‌కూ పూడికతీత కావాలి

రాయదుర్గం పక్క ఊళ్లలో పెరిగినవాళ్లకు చెరువు సంగతి చెప్పక్కర్లేదు. తవ్వించినవారి పేరు శాసనంలో ఉండొచ్చు. ఏటేటా పూడిక తీసి, తూము బాగుచేసినవాళ్ల పేర్లు ఎక్కడా ఉండవు. కానీ వాళ్లు పని మానేస్తే చెరువు చచ్చిపోతుంది. సాఫ్ట్‌వేర్ కథా ఇంతే.

లినక్స్ వాడేవారైతే టెర్మినల్ తెరిచి ‘మ్యాన్ ఎల్‌ఎస్’ అని కొట్టి చూడండి. ఒక సహాయ పుట వస్తుంది. చాలా లినక్స్‌లలో ఆ పుటను తెరమీద తీర్చిదిద్దేది జీ-రాఫ్. దీని మూలం, 1970లలో బెల్ ల్యాబ్స్‌లో జో ఒసానా రాసిన టీ-రాఫ్. 1977లో ఆయన చనిపోయాక బ్రయన్ కెర్నిహాన్ ఆ కోడ్‌ను అందుకుని, రకరకాల అచ్చు యంత్రాలకు పనికొచ్చేలా మార్చారు. 1990లో జేమ్స్ క్లార్క్ జీ-రాఫ్‌ను కొత్తగా రాసి, అందరికీ ఉచితంగా ఇచ్చారు. ఇప్పటికీ దాన్ని చూసుకుంటున్నది గుప్పెడుమందే. 2018 డిసెంబరు తర్వాత కొత్త వెర్షన్ రావడానికి 2023 జులై దాకా పట్టింది.

చూసుకునేవాళ్లు తక్కువైతే ఏమవుతుంది? 2024 మార్చిలో ప్రపంచం చూసింది. ఫైళ్లను కుదించే ‘ఎక్స్‌జడ్’లో దొంగదారి బయటపడింది. దాన్ని ఏళ్లుగా దాదాపు ఒక్కరే నడిపారు. సాయం చేస్తానంటూ వచ్చిన ఓ మారుపేరు మనిషి రెండేళ్లకు పైగా నమ్మకం సంపాదించి, ఆ దారి పెట్టాడు. లాగిన్ అరసెకను ఆలస్యమవుతోందేమని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు ఆరా తీయబట్టి సరిపోయింది.

కోడ్‌తో పాటు దాని వివరాలు రాసిపెట్టడమూ ముఖ్యమే. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ పద్ధతిని తెచ్చారు. ఏ అక్షరానికి ఏది కొట్టాలో స్పష్టంగా ఉంది కాబట్టే లేఖిని లాంటివి ఆ పద్ధతిని అందుకోగలిగాయి. మరోవైపు, యూనికోడ్‌కు ముందు ఫాంట్లలో కొట్టిన ఫైలును మీ ఊరి డీటీపీ సెంటర్‌లో తెరిపించండి. ఆ ఫాంటు లేకపోతే తెరమీద పిచ్చి గుర్తులే. ఏ గుర్తు ఏ అక్షరమో చెప్పే పట్టిక ఉంటేనే ఆ తెలుగు మళ్లీ చదవగలం.

మీరేం చేయొచ్చు? ల్యాప్‌టాప్, ఇంటర్నెట్ ఉంటే చాలు, బెంగళూరు వెళ్లక్కర్లేదు.

* రోజుకో సహాయ పుట చదివి, అందులోని ఉదాహరణ చేసి చూడండి. పనిచేయకపోతే రాసుకోండి.
* ఆ లోపం ముందే నమోదైందేమో వెతికి, లేకపోతే వివరంగా తెలపండి. సవరణ చేతనైతే అదీ పంపండి.
* తెలుగు వచ్చినవారు చేయగల పనీ ఉంది. పాత ఫాంట్ల అక్షర పట్టికలు తయారుచేయండి, మార్పిడి సాధనాలను పరీక్షించండి.

ఒక మాట దాచకూడదు. ఇది వెంటనే జీతమిచ్చే పని కాదు. చాలామంది తీరిక వేళల్లో, ఉచితంగానే చేస్తారు. ఇంట్లో డబ్బు అవసరమైతే ఉద్యోగ ప్రయత్నం ఆపొద్దు, వారానికి రెండు గంటలు చాలు. కానీ ఇంటర్వ్యూలో ‘సీ లాంగ్వేజ్ వచ్చు’ అనడం కంటే ‘ఇదిగో, ఈ తప్పు నేను దిద్దాను’ అని చూపించడానికి బలమెక్కువ. మీ సవరణ చేర్చినప్పుడు మార్పుల చరిత్రలో మీ పేరు కూడా నమోదవుతుంది. పూడిక తీసినవాళ్లకు చెరువు గట్టుమీద దక్కనిది అదే.