కడిగిన పంపు, కాలిన మనసు

కలుపు మందు గురించి ఆడవాళ్ల పేజీలో రాయడమేమిటని మీకు అనిపించవచ్చు. ఆ మందు కొనేది మగవాళ్లు, భుజాన పంపు వేసుకుని కొట్టేదీ వాళ్లే. నేనూ మూడేళ్ల కిందటి వరకూ అలాగే అనుకున్నాను. నా చేతులతో కడిగిన ఒక పంపు వల్ల మా మరిది అరెకరం పత్తి పాడయ్యాకగానీ నాకు తెలిసిరాలేదు.

మందమర్రిలో మేమున్నది సింగరేణి క్వార్టరు. ముందర నాలుగు మంచాలు వేసుకునేంత జాగా ఉంది. గాలి వీస్తే బొగ్గు ధూళి వచ్చి పడే ఊరు మాది. ఉతికిన బట్టలు ఆరేసిన గంటకే మళ్లీ దులపాలి. అందుకే ఆ జాగాలో గరిక పరిపించుకున్నాను. మట్టి లేవదు, పిల్లలు ఆడుకుంటారు, వినాయక చవితికి ఎవరి గడపా తొక్కనక్కర్లేదు. పట్నం వాళ్లు లాన్ అంటారే, అదే మా బీదింటి లాన్.

అయితే గరిక ఒక్కటే పెరుగుతుందా? తొలకరి పడగానే వయ్యారిభామ లేస్తుంది. దాని వెంట తుంగ, గడ్డిచామంతి, పల్లేరు. చిన్నవాడి అరికాల్లో పల్లేరు కాయ గుచ్చుకుని ఏడ్చిన రోజున, "ఇంక నా వల్ల కాదు, ఏదైనా మందు కొట్టించండి" అన్నాను మా వారితో. ఫస్టు షిఫ్టు దిగి వస్తూ ఆయన సీసా తెచ్చారు. దుకాణంలో చెప్పారట, ఇది 2,4-డి, వెడల్పాకు మొక్కలు చస్తాయి, గరికకు ఏమీ కాదని. ఆ మాట నిజమే. పక్క ఊళ్లో కౌలుకు పత్తి వేసిన మా మరిది పంపు తెచ్చి కొట్టిపెట్టాడు. "వదినె, పంపు జర కడిగిపెట్టు, పొద్దుగాల తీస్కపోత" అని టీ తాగి వెళ్లాడు.

నేను కడిగాను. ఒక బకెట్ నీళ్లు పోసి, అటూ ఇటూ ఊపి, పారబోశాను. అన్నం గిన్నె కడిగినంత శ్రద్ధ కూడా పెట్టలేదు.

మర్నాడు అదే పంపుతో అతను పత్తికి పచ్చదోమ మందు కొట్టాడు. వారం తిరిగేసరికి పత్తి కొసలు వంకర్లు పోయాయి. అరచేయిలా విప్పారాల్సిన కొత్త ఆకులు సన్నగా, పొడుగ్గా, ముడుచుకున్న వేళ్లలా వచ్చాయి. తెగులేమో అనుకుని ఇంకో మందు కొట్టాడు, ఇంకొంత అప్పు చేశాడు. చివరికి వ్యవసాయ శాఖ ఆయన ఆకు చేతిలోకి తీసుకుని ఒక్కటే ప్రశ్న వేశాడట: "ఈ పంపుతో అంతకుముందు ఏం కొట్టినవ్?"

ఆ సంగతి విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. రెండు రోజులు నోరు విప్పలేదు కూడా. మూడో రోజు బస్సెక్కి వెళ్లి చెప్పాను, సరిగ్గా కడగనిది నేనేనని. మరిది తల వంచుకుని చేనులోకి నడిచాడు. మా యారాలు మాత్రం, "పోనీ అక్కా, నీకేం ఎరుక?" అంది. ఓదార్చడానికే అంది. కానీ ఆ మాటే నన్ను ఎక్కువ కాల్చింది. నేను డిగ్రీ చదివాను. కథలు రాస్తాను. సీసాతోపాటు ఇచ్చిన కాగితంలో తెలుగులో కూడా రాసి ఉంది. అక్షరం రాని మా యారాలు, అక్షరాలతో బతికే నన్ను "నీకేం ఎరుక" అని క్షమించింది. ఆ అరెకరంలో నాలుగు క్వింటాళ్లు రావాల్సింది, ఒకటిన్నరే వచ్చింది.

అప్పటి నుంచి అడిగీ చదివీ కొన్ని విషయాలు తెలుసుకున్నాను. మీలో ఎవరికైనా పనికొస్తాయని రాస్తున్నాను.

ఈ 2,4-డి రెండో ప్రపంచ యుద్ధం నాళ్లలో పుట్టిన మందు. మొక్కలో ఎదుగుదలకు సహజంగా ఉండే పదార్థంలా నటిస్తుంది. వెడల్పాకు మొక్క మోసపోయి పద్ధతి లేకుండా పెరిగి, వంకర్లు తిరిగి చస్తుంది. గడ్డిజాతి దాన్ని తట్టుకుంటుంది. అందుకే అమెరికాలో ఇళ్ల ముందు పచ్చికకు అది అంతగా అలవాటైంది. కానీ పత్తికి ఈ మందు గాలి సోకినా పడదు. పంపు అడుగున, గొట్టంలో మిగిలిన కాస్త చాలు. టమాటాకూ ఇది పడదు. పక్కింటి వాళ్ల పెరట్లో టమాటా ఉంటే, గాలి వీచే వేళ మన ఇంట్లో ఈ మందు కొట్టడమంటే వాళ్ల మొక్కల మీద కొట్టినట్టే.

కనుక మొదటి మాట: కలుపు మందుకు పంపు వేరు, పురుగు మందుకు పంపు వేరు. రెండు కొనే స్తోమత లేకపోతే, సబ్బు పొడి, చాకలి సోడా కలిపిన నీళ్లు నింపి, గొట్టంలోంచి కూడా కొంత వదిలి, రాత్రంతా ఉంచి, తెల్లారి మూడు నాలుగు సార్లు మంచినీళ్లతో కడగాలి. అంత చేసినా 2,4-డి కొట్టిన పంపును పత్తిలోకి తీసుకెళ్లకపోవడమే మేలు.

రెండో మాట, అదనుది. నా గరికలో ఏం జరిగిందో చెబితే మీకే అర్థమవుతుంది. మందు కొట్టించిన వారానికి వయ్యారిభామ వాడిపోయింది. నేను సంబరపడ్డాను. ఇరవై రోజుల తర్వాత వాన పడితే, ముందుకంటే రెట్టింపు మొలిచింది! ఎందుకంటే నేను మందు కొట్టించే నాటికే అది పూసి, కాసి, గింజ రాల్చేసింది. ఒక్క మొక్క వేల గింజలు రాలుస్తుంది. తడి తగిలినప్పుడల్లా ఏడాదిలో ఎన్నిసార్లయినా మొలుస్తాయి. గింజ రాలాక తల్లి మొక్కను చంపడం దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టే.

ఈ వయ్యారిభామ మన దేశపు మొక్క కాదు. 1950లలో పుణెలో మొదట గుర్తించారు. అమెరికా గోధుమలతో వచ్చిందని చెబుతారు. ఇప్పుడు అది లేని రోడ్డు లేదు, మురుక్కాలువ గట్టు లేదు. చర్మం మీద దద్దుర్లు, తుమ్ములు, ఆయాసం దాని చలవే. దాన్ని తినే మెక్సికో పెంకు పురుగును 1984లో బెంగళూరు దగ్గర వదిలారు. వానాకాలం ఆకులన్నీ జల్లెడయిపోయిన మొక్క కనబడితే ఆ పురుగు పని చేస్తోందని తెలుసుకోండి, అక్కడ మందు కొట్టకండి. ఏటా ఆగస్టులో జబల్‌పూర్‌లోని కలుపు పరిశోధన సంస్థ వయ్యారిభామ అవగాహన వారం జరుపుతుంది. ఆగస్టు అనడంలోనే కిటుకు ఉంది, వానలకు మొలిచింది పూతకు రాకముందే పట్టాలని. నాలుగైదు ఆకుల మీద, నేల తడిగా ఉన్నప్పుడు, చేతికి తొడుగో ప్లాస్టిక్ సంచో వేసుకుని వేరుతో లాగితే మందు అక్కర్లేదు. గోడవారన, బండల సందుల్లో అయితే లీటరు నీళ్లకు పావుకిలోకు కాస్త తక్కువగా ఉప్పు కలిపి, ఎండ పూట చల్లితే మాడిపోతుంది. గరిక మీద మాత్రం చల్లకండి, అదీ పోతుంది.

తుంగది ఇంకో కథ. లాగిన కొద్దీ పైది తెగి వస్తుంది, కింద గడ్డ మిగిలి మళ్లీ మొలుస్తుంది. 2,4-డి దాని పని పట్టలేదు. ఆకు నుంచి వేరుదాకా దిగే గ్లైఫోసేట్ లాంటి మందు అయితే గడ్డదాకా పోతుందిగానీ, అది పచ్చగా కనిపించిన దాన్నల్లా చంపుతుంది, గరికతో సహా. అదీ మొక్క ఏపుగా పెరిగే వేళే కొట్టాలి. కొట్టిన కొన్ని గంటల్లో వాన వస్తే కడుక్కుపోతుంది. దుమ్ము పట్టిన ఆకు మీద, బురద నీళ్లలో కలిపినా దాని బలం చచ్చిపోతుంది. మా బొగ్గు ఊళ్లో ఈ సంగతి తెలియక ఎంతమంది రెండింతలు మందు పోశారో! పని చేయంది మందు తక్కువై కాదు, అదను తప్పి.

పత్తి చేలలోనూ ఇదే లెక్క. విత్తిన ఒకటి రెండు రోజుల్లో, నేల తడిగా ఉండగా, కలుపు మొలవకముందే కొట్టే పెండిమిథాలిన్ లాంటి మందులున్నాయి. అది పలచని పొరలా నేల పైన ఉండి మొలకను ఆపుతుంది. ఆ అదను దాటితే అదే మందు నీళ్లతో సమానం. పత్తికి మొదటి నలభై అయిదు, అరవై రోజులు కలుపు లేకుండా చూడగలిగితే ఆ తర్వాత పత్తే కమ్ముకుని కలుపును అణిచేస్తుంది.

ఇక మూడో మాట, భయం గురించి. గ్లైఫోసేట్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో మనుషులకు క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న వాటిలో చేర్చింది. అమెరికా పర్యావరణ సంస్థ ఒప్పుకోలేదు. శాస్త్రవేత్తల వాదన వాళ్లు తేల్చుకుంటారు. మన దగ్గర మాత్రం అది పత్తి చేలకు అనుమతి ఇచ్చిన మందు కాదు. తెలంగాణ ప్రభుత్వం 2018లో దాని మీద ఆంక్షలు పెట్టింది. 2022 అక్టోబరులో కేంద్రం, శిక్షణ ఉన్న పురుగు నివారణ సిబ్బంది మాత్రమే వాడాలని ఉత్తర్వు ఇచ్చింది. అయినా బీజీ-3 అని చెప్పి అనుమతి లేని పత్తి విత్తనాలు మన జిల్లాల్లో అమ్ముతూ పట్టుబడుతూనే ఉన్నారు. ఆ విత్తనం వేస్తే ఈ మందు చేనంతా కొట్టుకోవచ్చు కనుక. ఇంక పారాక్వాట్ అనే కలుపు మందు ఉంది. అది కడుపులోకి పోతే విరుగుడు లేదు. కోపంలో గుక్కెడు తాగి, మర్నాడు "బతికించండమ్మా" అని ఏడ్చిన పిల్లల్ని కూడా డాక్టర్లు కాపాడలేక చేతులెత్తేస్తున్నారు. మందు సీసా ఇంట్లో ఉంచవద్దు, కూల్‌డ్రింకు సీసాలో పోయవద్దు అని మనం గొడవ పెట్టుకోవాల్సింది ఇందుకే. సీసా మీద రంగు త్రికోణం చూడండి. ఎరుపు అన్నిటికంటే విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ అంటే మంచినీళ్లని కాదు.

ఇవన్నీ ఆడవాళ్లకెందుకని ఇంకా అడుగుతారా? మందు కలిపే నీళ్లు మోసేది ఎవరు? పంపు కడిగేది ఎవరు? మందు కొట్టి వచ్చిన బట్టలు పిల్లల బట్టలతో కలిపి ఉతికేది ఎవరు? ఆ బట్టలు విడిగా ఉతకాలని మనకు ఎవరైనా చెప్పారా?

ఇంకో సంగతి. కలుపు తీయడం తరతరాలుగా ఆడవాళ్ల కూలి. పొద్దంతా వంగిన నడుము రాత్రి మంచం మీద కూడా నిటారు కాదు. మందు వచ్చి ఆ నొప్పి తప్పించిందంటే నేను కాదనను. కానీ నొప్పితోపాటు కూలీ పోయింది. మా లైనులో పెరళ్లు బాగుచేసే అవ్వ ఒకామె ఉంది. నేను మందు కొట్టించిన మర్నాడు కొడవలి పట్టుకుని వచ్చి, వాడిన గడ్డి చూసి కాసేపు నిలబడింది. "మందు కొడితే సచ్చేది గడ్డొక్కటేనా బిడ్డా?" అని వెళ్లిపోయింది. అప్పుడు ఆమె తన కూలి గురించి అందనుకున్నాను. తర్వాత తెలిసింది, ఆమె మా పెరట్లోంచి గంగవాయిలి కూర, తోటకూర ఏరుకుని కొంగులో కట్టుకుపోయేదని. మనకు కలుపు, ఆమెకు పూట కూర. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లు, విత్తకుండానే మొలిచే ఇలాంటి కూరల్ని కలుపు అనడానికే ఒప్పుకోరు.

అంతెందుకు, గునుగు మాటేమిటి? పత్తి రైతు లెక్కలో గునుగు కలుపు మొక్కే. ఆ కలుపే బతుకమ్మకు నడుము. చేను గట్లన్నీ మందు కొట్టుకుంటూ పోతే, ఎంగిలిపూల నాడు గునుగును బజార్లో కట్టల లెక్కన కొనుక్కోవాలి. ఇప్పటికే కొంటున్నాం కదా! మన పండుగను 2014లో రాష్ట్ర పండుగ చేసుకున్నాం, సంతోషం. పూలు పూసే గట్టు కూడా మిగుల్చుకుందాం.

మందే వద్దని నేను అనడం లేదు. కూలీ దొరకని రైతును, ముసురు పట్టి చేనులో కాలు పెట్టలేని రైతును నిందించే హక్కు నీడపట్టున కూర్చున్న నాకు లేదు. నేను అడిగేది ఇంతే. చేతితో పోయే దానికి మందు వద్దు. మందు తప్పనిసరైతే అదను చూసి, గాలి చూసి, కాగితం చదివి, చెప్పిన మోతాదులోనే కొట్టాలి. ఆ కాగితం చదివే పని మనం తీసుకుందాం. ఇంట్లో చదువుకున్న ఆడపిల్ల ఉంటే ఆమెతో గట్టిగా చదివించి అందరం విందాం.

ఇప్పుడు నా గరికలో మందు లేదు. తొలకరి పడ్డ వారానికి ఒకసారి, మళ్లీ మూడు వారాలకొకసారి అవ్వా నేనూ కలిసి కూర్చుని తీస్తాం. కూలి ఇస్తాను, కూర ఆమెదే. వయ్యారిభామ ఏటేటా తగ్గుతోంది. తుంగ మాత్రం ఇంకా నాతో పంతం పడుతూనే ఉంది.

పోయిన ఏడాది మా మరిదికి కలుపు మందు కోసమే ఒక పంపు కొనిచ్చాను. కథలకు వచ్చిన పారితోషికాలు పోగేసి, చీటీ డబ్బు కలిపి కొన్నాను. పోయిన పత్తికి అది సరితూగదని నాకు తెలుసు. దాని మీద ఎర్ర రంగుతో పెద్దగా "కలుపు మందుకే" అని నేనే రాశాను. మా యారాలికి చదవడం రాదు. అయినా, ఎర్ర అక్షరాలున్న పంపు ఏదో, లేనిది ఏదో ఇప్పుడు ఆమెకు ఎరుకే.