బిగ్ బెండ్‌కు రండి, వేసవిలో మాత్రం వద్దు

సంపాదకులకు,

టెక్సస్‌లోని బిగ్ బెండ్ నేషనల్ పార్కు మీద మీరు గత సంచికలో వేసిన యాత్రా వ్యాసం చదివాను. రియో గ్రాండే నది, అవతల మెక్సికో కొండలు, చుక్కలతో నిండిన రాత్రి ఆకాశం, అన్నీ కళ్లకు కట్టాయి. వేసవిలో ఇండియా నుంచి వచ్చే అమ్మానాన్నలను తప్పక తీసుకెళ్లాలన్న మాట దగ్గర మాత్రం మనసు ఒప్పుకోలేదు. ఈ ఉత్తరం దాని గురించే.

మా మామగారిది ఎండలకు పేరుపడ్డ రెంటచింతల. నాలుగేళ్ల కిందట జూన్‌లో ఆయన్ని బిగ్ బెండ్‌కు తీసుకెళ్లాం. ఉదయం పదిన్నరకు బోకియస్ కాన్యన్ బాట పట్టాం. రానూ పోనూ కలిపి మైలున్నర కూడా ఉండదు. "ఎన్ని ఎండలు చూశాను, ఇదో ఎండా!" అన్నారాయన. గుట్ట దాటి ఇసుకలోకి దిగేసరికి మాట తడబడింది. చొక్కా పొడిగా ఉంటే చెమట పట్టలేదనుకున్నాం. ఆ పొడిగాలికి పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోతోందని తట్టలేదు. నది ఒడ్డున రెల్లు నీడలో కూర్చోబెట్టి, తడిగుడ్డలు కప్పి, గుక్కెడు గుక్కెడు నీళ్లు తాగించాం. తేరుకోవడానికి గంట పట్టింది. తర్వాత ఆయనే అన్నారు: "మా ఊళ్లో మిట్టమధ్యాహ్నం ఎవరు బయటికొస్తారమ్మా?"

మనవాళ్లు మరిచిపోయేది ఇదే. రెంటచింతలలోనైనా రామగుండంలోనైనా మనల్ని కాపాడింది ఓర్పు కాదు, వేపచెట్టు, చలివేంద్రం, ఎవరింటి అరుగో. బిగ్ బెండ్‌లో అవేవీ లేవు. 2023 జూన్‌లో అదే పార్కులోని మరూఫో వేగా బాటలో పద్నాలుగేళ్ల కుర్రాడు ఎండకు పడిపోయి ప్రాణాలు విడిచాడు. సాయం కోసం కారు దగ్గరికి పరుగెత్తిన అతని సవతి తండ్రీ, కారు గట్టు దిగి పడిపోయి, దక్కలేదు. ఆ రోజు వేడి 119 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 48 సెల్సియస్. దాదాపు 14 మైళ్ల ఆ బాటలో నీడా లేదు, నీళ్లూ లేవు.

అక్కడ మే, జూన్ నెలలే అన్నిటికన్నా వేడి. జులై నుంచి వానలు పడి కాస్త చల్లబడుతుంది. మన పెద్దవాళ్లు వచ్చేదీ సరిగ్గా ఆ మే, జూన్‌లలోనే. పైగా పార్కులోని చీసోస్ కొండల మీద హాయిగా ఉందని నది దగ్గరికి దిగుతారు. కొండలకూ నది ఒడ్డుకూ ఇరవై ఫారెన్‌హీట్ డిగ్రీల తేడా ఉండొచ్చు.

ఇంకో భ్రమ కూడా ఉంది. అవతలి ఒడ్డున బోకియస్ గ్రామం కనిపిస్తుంటే మనుషులు దగ్గర్లోనే ఉన్నారనిపిస్తుంది. కానీ అది పరాయి దేశం. అక్కడికి నది దాటే రేవును 2002లో మూసి, 2013లో మళ్లీ తెరిచారు గానీ, అదీ వారంలో కొన్ని రోజులే. పార్కులో చాలాచోట్ల ఫోన్ పలకదు. ఆసుపత్రి కావాలంటే ఆల్పైన్, సుమారు వంద మైళ్లు.

వెళ్లొద్దని నేననను. మేమే తర్వాత జనవరిలో మళ్లీ వెళ్లాం. రియో గ్రాండే విలేజ్‌లో గుడారం వేసుకున్నాం, మామగారు తెల్లవారుజామున లేచి దుప్పటి కప్పుకుని చుక్కలు చూస్తూ కూర్చున్నారు. మనిషికి రోజుకో గాలన్ నీళ్లు పెట్టుకున్నాం. దారిలో బోర్డర్ పెట్రోల్ తనిఖీ ఉంటుందని అందరి పాస్‌పోర్టులూ దగ్గరుంచుకున్నాం.

కాబట్టి మీకో విన్నపం. ఆ వ్యాసాన్నే అక్టోబరు సంచికలో మళ్లీ వేయండి. ఈ వేసవి ప్రయాణాలు మొదలయ్యేలోపే వచ్చే సంచికలో నాలుగు ముక్కల హెచ్చరిక వేయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు, ఆస్టిన్, టెక్సస్