తర్జుమా చేసేవాడు వెళ్ళిపోతే – మాక్ కంప్యూటరు, మన పిల్లల ఆటలు



బిడ్డల కొరకు మనము పెట్టే ఖర్చులను గూర్చి ఈ పేజీలో అప్పుడప్పుడు వ్రాస్తూనే ఉన్నాము. ఈ నెల సంగతి కొందరికి వింతగా తోచవచ్చు. అది మాక్ కంప్యూటరు మీద ఆడే ఆటలను గూర్చినది. "పాస్టరు గారికి ఆటలతో ఏమి పని?" అని నవ్వకండి. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లిలోని మూడు కుటుంబాలు మాకు ఈ పాఠం నేర్పాయి. అందులో ఒక ఇంటి నష్టానికి మా నోటి మాట కూడా కారణం. కాబట్టి వ్రాయక తప్పలేదు.

మొదటిది జనగామలో. అమెరికాలో ఉన్న మేనమామ తాను వాడిన ఐమాక్‌ను మేనల్లుళ్ళకు ఇచ్చి వెళ్ళాడు. పిల్లలు బడి నుండి వచ్చి గంటసేపు ఆడుకొనేవారు. 2019 సంవత్సరం చివరిలో "కొత్త వెర్షన్ వచ్చింది" అని తెర మీద కనబడితే పెద్దవాడు సరే అని నొక్కాడు. మరునాటి నుండి పాత ఆటలలో సగం తెరుచుకోలేదు. పిల్లవాడే పాడుచేశాడని తండ్రి గట్టిగా గద్దించాడు. ఆ సాయంత్రం మేము ఆ ఇంటికి వెళ్ళేసరికి వాడు అన్నం తినకుండా మూలన కూర్చున్నాడు.

నిజానికి వాడి తప్పేమీ లేదు. 2019 అక్టోబరులో వచ్చిన మాక్ ఓయస్ కాటలీనా నుండి, 32 బిట్ అనే పాత పద్ధతిలో వ్రాసిన ప్రోగ్రాములు నడవడం ఆగిపోయింది. ఏ కంపెనీ తన ఆటను 64 బిట్ పద్ధతికి మార్చి ఇవ్వలేదో, ఆ ఆట ఆ మాక్ మీద ఇక తెరుచుకోదు. సంగతి తెలిసిన తరువాత తండ్రి వాడి తల నిమిరి, "నేనే తొందరపడ్డ బిడ్డా" అన్నాడు. అది ప్రాసెసరు మారుట వలన జరిగినది కాదు. కాని యంత్రం బాగానే ఉన్నా ఆట పోవచ్చునని మాకు అక్కడే మొదట తెలిసింది.

ఇక ప్రాసెసరు సంగతి. కంప్యూటరుకు మెదడు వంటిది ప్రాసెసరు. ఒక్కొక్క జాతి ప్రాసెసరుకు ఒక్కొక్క భాష ఉంటుంది. ఆపిల్ వారు మాక్ యంత్రం భాషను ఇప్పటికి మూడుసార్లు మార్చారు. 1984లో మొదటి మాక్ మోటరోలా ప్రాసెసరుతో వచ్చింది. 1994లో పవర్ పీసీకి మారారు. 2006లో ఇంటెల్‌కు మారారు. 2020 నవంబరు నుండి తాము స్వయంగా రూపొందించిన ఎం1 చిప్పుకు మారారు. 2023 జూన్‌లో మాక్ ప్రో కూడా మారడంతో ఇంటెల్ యంత్రాల అమ్మకం ముగిసింది.

భాష మారినప్పుడు పాత భాషలో వ్రాసిన ఆట ఎలా నడుస్తుంది? మహబూబాబాద్ చుట్టుప్రక్కల తండాలలో కూటములకు వెళ్ళినప్పుడు మేము తెలుగులో చెప్తాము. ఒక తమ్ముడు మా ప్రక్కన నిలబడి లంబాడీలోకి తర్జుమా చేస్తాడు. వెనుక కూర్చున్న ముసలమ్మకు కూడా సంగతి అందుతుంది. కొంచెం ఆలస్యమైనా పని జరుగుతుంది. ఆ తమ్ముడు రాని రోజున మా మాట సగం మందికి చేరదు. కొత్త మాక్‌లలో ఆ తమ్ముని పని చేసేది రోసెట్టా 2 అనే సాఫ్ట్‌వేరు. 1799లో ఈజిప్టులో దొరికిన రోసెట్టా రాయి పేరే దానికి పెట్టారు. ఒకే శాసనాన్ని మూడు లిపులలో చెక్కిన రాయి అది. ఈ సాఫ్ట్‌వేరు ఇంటెల్ భాషలో వ్రాసిన ఆటను చాలామట్టుకు ముందుగానే తర్జుమా చేసి పెట్టుకుంటుంది. కనుక ఆలస్యం పెద్దగా తెలియదు.

అయితే తర్జుమా చేసేవాడు ఎల్లకాలం ఉండడు. ఇంటెల్‌కు మారినప్పుడు మొదటి రోసెట్టా వచ్చింది. 2011లో మాక్ ఓయస్ ఎక్స్ లయన్ వచ్చేసరికి దానిని తీసివేశారు. పవర్ పీసీ కాలపు ఆటలు దానితోనే పోయాయి. ఇప్పుడు రోసెట్టా 2 వంతు వచ్చింది. 2025 జూన్‌లో ఆపిల్ రెండు మాటలు ప్రకటించింది. మాక్ ఓయస్ 26, అనగా టాహో, ఇంటెల్ మాక్‌లకు చివరి వెర్షన్ అన్నది మొదటిది. రోసెట్టా పూర్తిగా మాక్ ఓయస్ 27 వరకే ఉంటుందన్నది రెండవది. ఆ తరువాత, తయారుచేసినవారు వదిలివేసిన కొన్ని పాత ఆటల కొరకు మాత్రమే దానిలో కొంత భాగాన్ని ఉంచుతామన్నారు. ఏయే ఆటలకు అది సరిపోతుందో ముందుగా చెప్పగలవారు లేరు.

ఇక్కడ మేము మా తప్పును ఒప్పుకోవాలి. 2024 ఆరంభంలో మహబూబాబాద్‌లో ఒక తల్లి మమ్మల్ని అడిగింది. "అయ్యగారూ, పిల్లగాడు ఆపిల్ ల్యాప్‌టాప్ అంటుండు. సెకండ్ హ్యాండుది నలభై వేలకు వస్తదట. ఆటలు ఆడుడే కాదు, చేసుడు కూడా నేర్చుకుంటడట. సంఘంల లోను తీసుకోవాల్నా?" మేము ఏమాత్రం ఆలోచించకుండా, "ఆపిల్ అంటే పదేళ్ళు చూడనక్కరలేదమ్మా, తీసుకోండి" అన్నాము. అందులో ఏ ప్రాసెసరు ఉన్నదని అడగలేదు. అది 2019 నాటి ఇంటెల్ యంత్రం.

2025 జూన్‌లో ఆ ప్రకటన చూసి ఆ అబ్బాయి మా దగ్గరకు వచ్చాడు. "అయ్యగారూ, అమ్మకు చెప్పకుండ్రి. లోను ఇంకా తీరలె" అన్నాడు. వాడి ముఖం చూసి మాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మరునాడు మేమే ఆ తల్లి దగ్గరకు వెళ్ళి, తెలియని సంగతిలో సలహా ఇచ్చామని చెప్పి క్షమించమని అడిగాము. ఆమె కాసేపు మాట్లాడలేదు. తరువాత, "మీరు చెప్పినంకనే కొన్నం, నిజమే. చెప్పకున్నా వాడు కొనేటోడే" అన్నది. ఆ మాటలో క్షమాపణ ఉన్నది, నిజమూ ఉన్నది. కాని నెలనెలా కిస్తీ కట్టేది ఆమే గాని మేము కాము.

ఆ యంత్రం ఒక్కసారిగా పనికిరాకుండా పోలేదు. ఇంటెల్ మాక్ మీద బూట్ క్యాంప్ అనే సదుపాయంతో విండోస్ 10 వేసుకొని విండోస్ ఆటలు ఆడవచ్చు. ఎం జాతి చిప్పులున్న కొత్త మాక్‌లలో ఆ సదుపాయమే లేదు. అయితే విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ వారి మామూలు సహాయం 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఆ అబ్బాయి ఇప్పుడు గోడో అనే ఉచిత సాఫ్ట్‌వేరుతో దాని మీదనే చిన్న ఆటలు తయారుచేయడం నేర్చుకుంటున్నాడు. యంత్రం నడిచినన్నాళ్ళు నేర్చుకోనిమ్మని మేమంటున్నాము.

"మరి కొత్త చిప్పులు అంత బలమైనవైతే ఆటలు ఎందుకు రావడం లేదు?" అని యౌవనస్థులు అడుగుతారు. చిప్పు బలహీనమైనది కాదు. 2023లో వచ్చిన ఎం3 నుండి, వెలుగునీడలను నిజమైనవాటివలె చూపించే రే ట్రేసింగ్ కూడా చిప్పులోనే ఉన్నది. చిక్కు లెక్కలో ఉన్నది. స్టీమ్ అనే ఆటల అంగడి లెక్కలలో మాక్ వాడేవారు నూటికి ఇద్దరి దగ్గరనే ఉంటున్నారు. ఆ ఇద్దరి కొరకు ఆటను మళ్ళీ వ్రాయడానికి చాలా కంపెనీలు ముందుకు రావు. 2023లో కౌంటర్ స్ట్రైక్ 2 వచ్చినప్పుడు మాక్‌ను వదిలివేశారు. ఈ కథ పాతదే. 1999లో స్టీవ్ జాబ్స్ మాక్‌వరల్డ్ వేదిక మీద హేలో ఆటను చూపించారు. మరుసటి సంవత్సరమే దానిని తయారుచేస్తున్న బంజీ సంస్థను మైక్రోసాఫ్ట్ కొన్నది. ఆ ఆట 2001లో ఎక్స్‌బాక్స్‌కు వచ్చింది. మాక్‌కు 2003లో గాని రాలేదు.

ఆశ లేకపోలేదు. 2023లో ఆపిల్ గేమ్ పోర్టింగ్ టూల్‌కిట్ అనే సాధనాన్ని విడుదల చేసి, విండోస్ ఆటలను మాక్‌కు మార్చే పనిని సులభం చేసింది. రెసిడెంట్ ఈవిల్ విలేజ్ 2022లో, బాల్డర్స్ గేట్ 3 2023లో, సైబర్‌పంక్ 2077 2025 జూలైలో కొత్త చిప్పుల భాషలోనే వచ్చాయి. ఇటువంటి ఆటలకు తర్జుమా అక్కరలేదు. రోసెట్టా పోయినా వాటికి భయం లేదు. మాక్ మీద ఆటల భవిష్యత్తు చిప్పు వేగం మీద కంటె, ఆ చిప్పు భాషలో వ్రాసేవారి మీద ఎక్కువ ఆధారపడి ఉన్నదని మా అభిప్రాయం. (ఈ ఆటలలో హింస గలవి ఉన్నవి. ఏ వయసు బిడ్డకు ఏది తగునో తల్లిదండ్రులు చూసుకోవాలి.)

చివరిది భూపాలపల్లిలో. సింగరేణిలో పనిచేసే ఒక సహోదరుడు బోనస్ డబ్బుతో కూతురికి మాక్ కొనాలనుకొని మమ్మల్ని అడిగాడు. ఈసారి మేము సలహా ఇవ్వలేదు. "అమ్మాయీ, నువ్వు ఏ ఆట ఆడతావు?" అని ఆ బిడ్డనే అడిగాము. "ఫ్రెండ్స్‌తోని వాలరెంట్" అన్నది. ఆ ఆటకు మాక్ వెర్షనే లేదు. ఎంత ఖరీదైన మాక్ కొన్నా ఆ బిడ్డ కోరిక తీరదు. ఒక్క ప్రశ్నతో ఆ ఇంటి డబ్బు నిలబడింది.

కనుక పాఠకులారా, కొనకముందు ఆట పేరు అడగండి. ఆపిల్ చిప్పు కొరకు దానిని వ్రాశారా, లేక రోసెట్టా మీద నడుస్తున్నదా అని చూడండి. పాత మాక్ కొనేటప్పుడు పైన ఎడమ మూలనున్న ఆపిల్ గుర్తును నొక్కి, "ఎబౌట్ దిస్ మాక్" అన్నచోట ఇంటెల్ అని ఉన్నదా, ఎం అని ఉన్నదా చదవండి. స్టీమ్‌లో కొన్న ఆట నడవకపోతే, కొన్న 14 రోజులలోపు, రెండు గంటలకంటె తక్కువ ఆడి ఉంటే డబ్బు తిరిగి అడగవచ్చు. ఇష్టమైన పాత ఆట ఉంటే, కొత్త వెర్షన్‌లో అది నడుస్తుందో లేదో తెలుసుకొనే వరకు అప్‌డేట్ నొక్కకండి.

మమ్మల్ని ఎవరైనా సలహా అడిగితే, "తెలియదు, కనుక్కొని చెప్తాము" అనడం మేము కూడా నేర్చుకుంటున్నాము. మహబూబాబాద్ తల్లికి ఆనాడే ఆ మాట చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

వచ్చే నెల మళ్ళీ కలుసుకొందాము.