తెల్లటి మూత్రం ఆరోగ్యానికి హామీ కాదు

మూత్రం నీళ్లలా తెల్లగా వస్తే కిడ్నీలు భేషుగ్గా ఉన్నట్టట, పచ్చగా వస్తే ఒంట్లో వేడి చేసినట్టట. పెద్దవాళ్లు చెప్పే ఈ మాటకు ఇప్పుడు వాట్సాప్ వైద్యం తోడైంది. పొద్దున్నే లీటరు, రాత్రిలోగా నాలుగైదు లీటర్లు తాగితే కిడ్నీలు శుభ్రపడిపోతాయని ఊదరగొడుతున్నారు. ఇది తప్పు. కొందరికి ప్రాణం మీదికి తెచ్చే తప్పు.

కిడ్నీలు రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని రక్తం నుంచి వడగడతాయి. అందులో ఒకటి రెండు లీటర్లే బయటికి పోతుంది, మిగతాదంతా తిరిగి రక్తంలో కలుస్తుంది. ఒంట్లో నీరు తగ్గినప్పుడు వాసోప్రెసిన్ అనే హార్మోన్ పెరిగి, కిడ్నీలు మరింత నీటిని నిలుపుకుంటాయి. మూత్రం చిక్కబడి, అందులోని యూరోబిలిన్ రంగు ముదురుతుంది. రాత్రంతా నీళ్లు తాగం కనుక పొద్దున పచ్చగా రావడం సహజం. కిడ్నీ తన పని సరిగ్గా చేసిందనడానికి అది గుర్తు. దాన్ని చూసి బెంబేలెత్తడం ఎందుకు?

అసలు భయపడాల్సింది దీనికి తలకిందులుగా ఉంటుంది. కిడ్నీ దెబ్బతింటున్నప్పుడు ఈ చిక్కబరిచే శక్తే తరచూ ముందుగా సన్నగిల్లుతుంది. రాత్రిళ్లు పదేపదే లేవాల్సి వస్తుంది, మూత్రమేమో తేటగా ఉంటుంది. అదుపు తప్పిన షుగరులోనూ ధారాళంగా, తేటగానే పోతుంది. రోజుకు మూడు లీటర్లు దాటుతోందంటే సంబరపడాల్సింది కాదు, డాక్టరుకు చూపించుకోవాల్సింది.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానాన్ని చూడండి. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల్లో కొబ్బరి, జీడి తోటల మధ్య బతికే జనాన్ని కిడ్నీ జబ్బు దశాబ్దాలుగా పీడిస్తోంది. కచ్చితమైన కారణం ఇప్పటికీ తేలలేదు. రోగుల్లో చాలామందికి షుగరు ఉండదు, మూత్రంలో ప్రొటీన్ కూడా పెద్దగా పోదు. రక్తంలో క్రియాటినిన్ చూస్తే తప్ప జబ్బు బయటపడదు. అలాంటి చోట రంగు చూసి ధైర్యం చెప్పడమంటే మనుషుల్ని మోసం చేయడమే. ఎండలో ఒళ్లు హూనం చేసుకునే కూలీలకు మంచినీళ్లు అందాలి, అందులో రెండో మాట లేదు. కానీ ‘మీరు నీళ్లు తాగక తెచ్చుకున్నారు’ అని వాళ్లనే తప్పుపట్టడం అన్యాయం. మరుగుదొడ్డి లేని పనిచోట ఆడవాళ్లు కావాలనే దాహం చంపుకుంటారు. వాళ్లకు రంగుల పటం చూపించి ఏం లాభం?

ఇక డయాలసిస్ మీదున్నవాళ్లకు, గుండె బలహీనపడినవాళ్లకు నీళ్లు కొలిచి తాగమని డాక్టర్లు చెబుతారు. పలకరించడానికొచ్చిన చుట్టాలు మాత్రం ‘బాగా తాగండి, అంతా పోతుంది’ అంటారు. బయటికి పోలేని ఆ నీరు కాళ్లలో, ఊపిరితిత్తుల్లో చేరితే మనిషికి ఊపిరాడదు. ఆరోగ్యవంతులకూ అతి మంచిది కాదు. 2002 బోస్టన్ మారథాన్‌లో రక్తపరీక్ష చేసిన 488 మంది పరుగువీరుల్లో 13 శాతం మందికి సోడియం ఉండాల్సినదానికన్నా తక్కువగా ఉంది. పరుగులో అతిగా తాగి బరువు పెరిగినవాళ్లలోనే ఇది ఎక్కువగా కనిపించింది.

రంగుకు అసలు విలువే లేదనడం లేదు. ఎండలో పనిచేసినప్పుడు ముదురు పసుపులో కొంచెమే వస్తే వెంటనే నీళ్లు తాగాలి. కిడ్నీలో రాళ్లు వచ్చినవాళ్లు మామూలు కన్నా ఎక్కువే తాగాలి. బి-కాంప్లెక్స్ మాత్రతో పచ్చగా, టీబీకి వాడే రిఫాంపిసిన్‌తో నారింజ రంగులో వస్తే కంగారు అక్కర్లేదు. ఎర్రగానో, కోలా రంగులోనో వచ్చినా, రోజూ నురగ కట్టినా మాత్రం ఆలస్యం చేయకూడదు.

షుగరు, బీపీ ఉన్నవాళ్లూ, ఉద్దానం లాంటి చోట్ల ఉండేవాళ్లూ ఏడాదికోసారైనా రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ చూపించుకోవాలి. ఆ రెండు పరీక్షలూ ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా జరిగేలా ప్రభుత్వాలను నిలదీయాలి.