గవ్వకు జ్ఞాపకం ఉండదు

ఈ పుటలో ఇంటి ఖర్చుల పద్దు గూర్చి చాలాసార్లు వ్రాశాము. ఈ నెల ఆటల పద్దు. చదువరులు నవ్వవచ్చును. అయినా చివరిదాకా చదవవలసిందని మా మనవి.

శివరాత్రి జాగరణకు మా ఇంట అష్టాచెమ్మా ఆడటం తాతలనాటి అలవాటు. కర్ణాటకంలో స్థిరపడి మూడు తరాలైంది గనుక, ఇరుగుపొరుగువారు దానినే చౌకాబార అంటూ వచ్చి పక్కన కూర్చుంటారు. పేరు వేరైనా గళ్ళు అవే 25, గవ్వలు అవే 4. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, అనగా 4. నాలుగూ బోర్లా పడితే అష్టా, అనగా 8. లేకుంటే ఎన్ని వెల్లకిలా పడితే అంత పందెం. చెమ్మాయో అష్టాయో పడితేనే కాయ దిగాలని మా ఇంటి కట్టుబాటు.

ఈసారి పి.యు.సి. చదివే మా పెద్దవాడికి ఏడుసార్లు వేసినా కాయ దిగలేదు. ఎనిమిదోసారి గవ్వలు గుప్పిట పట్టి, "నాన్నగారూ, ఇది ఎనిమిదింట ఒకసారి పడాలి. ఏడు వట్టిపోయాయి. ఇప్పుడు పడి తీరుతుంది చూడండి" అన్నాడు. వేశాడు. రెండు పడింది. వాడి ముఖం చిన్నబోయింది. మా అమ్మగారు, "గవ్వకు జ్ఞాపకం ఉంటుందిట్రా, వెర్రివాడా!" అని నవ్వారు.

వాడు చెప్పిన లెక్క తప్పు కాదు. దానిని అర్థం చేసుకోవడమే తప్పు. ఆ రెండింటికీ నడుమ ఉన్న తేడా చెప్పడానికే ఈ నాలుగు ముక్కలు.

ఛందస్సు కాస్త చదివినవారికి గణాలు జ్ఞాపకముంటాయి. మూడక్షరాలకు లఘువు, గురువు అని రెండేసి రకాలు గనుక గణాలు 8. మగణంలో మూడూ గురువులే, నగణంలో మూడూ లఘువులే. తక్కిన ఆరూ కలగలుపు. గవ్వలూ అంతే. వెల్లకిలా ఒకటి, బోర్లా ఒకటి. నాలుగు గవ్వలకు 16 విధాలు. వాటిలో ఒక్కటీ వెల్లకిలా పడనివి 1, ఒకటి పడేవి 4, రెండు పడేవి 6, మూడు పడేవి 4, నాలుగూ పడేవి 1. పింగళుని ఛందశ్శాస్త్రానికి పదవ శతాబ్దిలో వ్యాఖ్య వ్రాసిన హలాయుధుడు మేరుప్రస్తారమని వివరించినది ఈ వరుసలనే.

పడిన పందెం 1, 2, 3, 4, 8 లలో ఏదో ఒకటి అవుతుంది గాని రెండున్నర కాదు. ముందు తెలియని ఇట్టి విడివిడి అంకెను మా వాడి పుస్తకంలో విచ్ఛిన్న యాదృచ్ఛిక చలరాశి అన్నారు. ఏ అంకెకు 16లో ఎన్ని వంతులో చూపే పట్టికకు సంభావ్యతా విభాజనమని పేరు. పేర్లు బరువైనవే గాని వస్తువు మన చాపమీద ఉన్నదే. వంతులన్నీ కూడితే 16కు 16 రావాలి. అదే పట్టికకు పరీక్ష.

సగటు చూద్దాము. ఒక్కొక్క పందేన్ని దాని వంతులతో హెచ్చించి కూడితే 4, 12, 12, 4, 8, వెరసి 40. 16తో భాగిస్తే రెండున్నర. ఎప్పుడూ పడని అంకె సగటైంది! సగటు అన్నది వందల పందేల మాట, ఒక్క పందెం మాట కాదు.

ఇదంతా గవ్వ రెండు వైపులా సమానంగా పడుతుందనుకుంటేనే సుమా. గవ్వ నాణెం కాదు. పదింట ఆరుసార్లు వెల్లకిలా పడే గవ్వలైతే, పదివేల పందేలలో చెమ్మా దాదాపు 1,296 సార్లు పడితే, అష్టా 256 సార్లే పడుతుంది. మీ గవ్వల గుణం మీరే వేసి, వ్రాసుకొని చూడవలసిందే.

ఇక మా వాడి పొరపాటు. చెమ్మాకు ఒకటి, అష్టాకు ఒకటి, వెరసి 16లో 2. అనగా ఎనిమిదింట ఒకటి. నిజమే. కాని వరుసగా ఎనిమిదిసార్లూ కాయ దిగకపోవడం నూటికి 34 సార్లు జరిగేదే. ఏడు వట్టిపోయిన తరువాత ఎనిమిదవదానికీ ఉన్నది అదే ఎనిమిదింట ఒక వంతు. స్విట్జర్లాండు పండితుడు యాకోబ్ బెర్నూలీ గ్రంథం ఆయన పోయిన 8 ఏళ్ళకు, 1713లో, అచ్చయింది. పందేలు వేలకొద్దీ పెరిగేకొద్దీ పడిన వంతు అసలు వంతుకు దగ్గరవుతుందని అందులో నిరూపించాడు. అయితే మొదట వట్టిపోయిన ఏడింటి బాకీ ఎవరూ తీర్చరు. వేల పందేల నడుమ ఆ ఏడూ లెక్కకు రాకుండా పోతాయి, అంతే.

ఇది చాపమీద ఆటైతే నవ్వి ఊరుకుందుము. మా ఆఫీసులో మా పక్క బల్ల మిత్రుడొకడు ప్రతి వారం లాటరీ టిక్కెట్లు కొనేవాడు. "రెండేళ్ళుగా రాలేదండీ. ఇక నా వంతు దగ్గర పడింది" అనేవాడు. పద్దులు వ్రాసే చేయి మాది. అయినా "అవును, నిజమే" అన్నాము. ఇల్లాలి గాజులు తాకట్టుకు వెళ్ళిన సంగతి తరువాత తెలిసింది. కర్ణాటకంలో లాటరీలను 2007లో నిషేధించారు. గాజులు మాత్రం తిరిగి రాలేదు. ఆనాడు ఒక కాగితం మీద ఇంత లెక్క వేసి చూపలేకపోతిమే అన్న బాధ మాకు నేటికీ ఉన్నది.

ఆ లెక్క ఇంతే. పదివేల టిక్కెట్లు, ఒక్కొక్కటి 10 రూపాయలు అనుకోండి. వసూలు లక్ష. బహుమతులన్నీ కలిపి 50 వేలు. టిక్కెట్టుకు సగటు రాబడి 5 రూపాయలు. కొన్న ప్రతి టిక్కెట్టు మీదా సగటున 5 రూపాయలు పోతాయి. ఎన్ని ఎక్కువ కొంటే అంత ఎక్కువ. గత వారం రాలేదన్న సంగతి ఈ వారపు చీటీకి తెలియదు.

డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ పార్లమెంటు 2025లో చట్టం చేసింది. చట్టం బయట కాపలా కాస్తుంది. ఇంటి లోపలి కాపలా మనదే. పిల్లలను నాలుగు గవ్వలతో వంద పందేలు వేయించి, పలక మీద గీతలు గీయించండి. తరువాత, "ఇప్పుడు ఏది పడుతుంది?" అని అడగండి. "తెలియదు" అని బిడ్డ చెబితే, పాఠం వచ్చినట్లే.